బోటుకు ఏ ఇంజిన్, రొయ్యల గుంటకు ఏ జెనరేటర్? హెచ్‌పీ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు ఆకాశం తేటగా ఉంటే నెల్లూరు జిల్లా మైపాడు ఒడ్డున నిలబడినా ఆ పొగచార కనిపిస్తుంది. అందులోని ఒక్కో ఇంజిన్‌కు జీవితకాలం మొత్తానికి ఉన్న పని కొన్ని నిమిషాలే. అదే ఒడ్డుకు కాస్త ఇవతల, ఇందుకూరుపేట గుంటల గట్టు మీది జెనరేటర్ కరెంటు పోయిన రాత్రి తెల్లవార్లూ తిరగాలి. జువ్వలదిన్నె నుంచి వేటకు పోయిన మరబోటు ఇంజిన్‌కైతే ఒడ్డు చేరేదాకా విశ్రాంతి ఉండదు. ఈ మూడింటి బలాన్నీ ఒకే హెచ్‌పీతో కొలిచి పోల్చేస్తే డబ్బు పోగొట్టుకునేది కొనేవాడే.

షాపులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని హెచ్‌పీ, ఎంతకిస్తారు?" దానికి ముందు అడగాల్సింది ఇంకొకటుంది: "ఈ హెచ్‌పీ ఎంతసేపు ఇస్తుంది?"

ఒకే బ్లాకు, నాలుగు మార్కెట్లు

పెద్ద ఇంజిన్ కంపెనీల వ్యాపారం చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తేలిగ్గా అర్థమవుతుంది. విమానం, సైన్యం, ఓడ, కరెంటు అనే నాలుగు మార్కెట్లకు వాళ్లు ప్రతిసారీ కొత్త ఇంజిన్ పుట్టించరు. ఉన్నదాన్నే పనికి తగ్గట్టు బిగిస్తారు, లేదా వదులు చేస్తారు. రోల్స్ రాయిస్ ట్రెంట్ విమాన ఇంజిన్ల నుంచే యుద్ధనౌకల ఎంటీ30 టర్బైన్ వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ విమాన ఇంజిన్ల కుటుంబం నుంచి వచ్చిన ఎల్ఎం2500 టర్బైన్లు నాలుగు మన విక్రాంత్ విమానవాహక నౌకను నడుపుతున్నాయి. రోల్స్ రాయిస్ చేతిలోనే ఉన్న ఎంటీయూ 4000 సిరీస్ డీజిల్ ఓడలో ఉంటుంది, రైల్లో ఉంటుంది, జెనరేటర్‌లోనూ ఉంటుంది. మన దగ్గర దొరికే అశోక్ లేలాండ్, కిర్లోస్కర్, కమిన్స్ ఇంజిన్లలోనూ ఒకే బ్లాకు, అంటే ఇంజిన్ అసలు ఒళ్లు, ఒకచోట జెనరేటర్‌గా, మరోచోట బోటులో తిరుగుతుంది.

మారేది ఏమిటంటే, ఎంత బలం ఎంతసేపు పిండుకోవచ్చన్న ఒప్పందం. విమానం ఇంజిన్ టేకాఫ్ బలాన్ని మామూలుగా అయిదు నిమిషాలకు మించి వాడనివ్వరు. ఆ తర్వాత తగ్గించి నడపాల్సిందే. అందులో ప్రతి ముక్కకూ పుట్టినప్పటి నుంచి రికార్డు ఉంటుంది, ధరలో పెద్ద వాటా ఆ కాగితానిదే. సైన్యం లెక్క వేరు. తక్కువ చోటులో ఎక్కువ బలం కావాలి, ఆయుష్షు తగ్గినా సరే. రెండో ప్రపంచ యుద్ధంలో టీ-34 ట్యాంకును నడిపిన 38.8 లీటర్ల వీ-2 డీజిల్ అప్పట్లో 500 హెచ్‌పీ ఇచ్చింది. అదే వంశం, అదే 38.8 లీటర్లు. టీ-72లో 780, టీ-90లో 1000 హెచ్‌పీ ఇస్తోంది. టర్బో, పంపు, లోహం అన్నీ మెరుగయ్యాయి, నిజమే. కానీ ట్యాంకు రోజుకు పద్దెనిమిది గంటలు నిండు లోడు మీద వల లాగదు.

అందుకే "మిలిటరీ వేలంలో తెచ్చిందండీ, మొండి ఇంజిన్" అని ఎవరైనా ఊరిస్తే పొంగిపోవద్దు. యుద్ధానికి మొండిదైనది వేటకు మొండిదని రూలేమీ లేదు. పైగా దాని స్పేర్లు ఒంగోలు ట్రంక్ రోడ్డులోనూ దొరకవు, నెల్లూరులోనూ దొరకవు.

రేటింగ్ ప్లేటు చదవడం

ఇంజిన్ మీదో, సెట్ మీదో ఓ రేకు ముక్క ఉంటుంది. కంపెనీ పేరు, నంబరు, ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) అన్నీ అందరూ చూస్తారు. రేటింగ్ గడి మాత్రం చూడరు.

| ప్లేటు మీద మాట | దాని అర్థం | సరిపడే పని |
|---|---|---|
| స్టాండ్‌బై | కరెంటు పోయినప్పుడే. ఏడాదికి 200 గంటల లోపు, సగటు లోడు 70 శాతం లోపు | కల్యాణ మండపం, ఆఫీసు |
| ప్రైమ్ | గంటలకు హద్దు లేదు. లోడు మారుతూ ఉండాలి, రోజు సగటు 70 శాతం లోపు | రొయ్యల గుంటలు, ఐసు ఫ్యాక్టరీ |
| కంటిన్యువస్ | గంటలకూ లోడుకూ హద్దు లేదు | రాత్రీ పగలూ ఒకే లోడు ఉండే చోటు |
| మెరైన్ ఇంటర్‌మిటెంట్ | సాధారణంగా ఎనిమిది గంటల్లో రెండు గంటలే నిండు బలం | గస్తీ బోటు, మనుషుల్ని చేరవేసే బోటు |
| మెరైన్ హెవీ డ్యూటీ, కంటిన్యువస్ | ఎక్కువ గంటలు, లేదా ఎడతెగకుండా నిండు బలం | ట్రాలర్, టగ్గు |

ఒకే ఇంజిన్‌కు స్టాండ్‌బై అంకె ప్రైమ్ కన్నా పదిశాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. కొటేషన్లో పెద్దక్షరాల్లో ఉండేది ఆ పెద్ద అంకే. రెండు కంపెనీల ధర పోల్చేటప్పుడు ఒకరి స్టాండ్‌బైని ఇంకొకరి ప్రైమ్ పక్కన పెడితే చవక అనిపించేది నిజానికి చిన్న ఇంజిన్ అయి కూర్చుంటుంది.

ఇప్పుడు మన గంటలు లెక్కేద్దాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం తీసేస్తే పది నెలలు. నెలకు ఇరవై రోజులు, రోజుకు పన్నెండు గంటలంటే మరబోటు ఇంజిన్ ఏడాదికి 2,400 గంటలు తిరుగుతుంది. గుంట దగ్గర రోజుకు సగటున రెండు గంటలు కరెంటు పోయినా జెనరేటర్‌కు 700 గంటలు. స్టాండ్‌బై హద్దు 200. తేడా ఇంత ఉన్నప్పుడు "గ్యారంటీలో కుదరదండీ" అన్న మాట వినాల్సి రావడంలో వింత లేదు.

రేటింగ్ తర్వాత చూడాల్సినవి మూడే: ఉప్పునీళ్లు ఇంజిన్‌ను ఎక్కడెక్కడ తాకుతాయి, గంటకు ఎన్ని లీటర్లు తాగుతుంది, చెడిపోతే మెకానిక్కూ స్పేరూ ఎంత దూరంలో ఉన్నాయి. కొనే ధర వీటి తర్వాతే.

ఒడ్డుకు లాగే ఫైబర్ బోటుకు

కొత్తపట్నం, పాకల లాంటి చోట్ల బోటు అలల్ని దాటి ఇసుక మీదికి రావాలి. హార్బర్ గోడ ఉండదు. కాబట్టి ప్రొపెల్లర్ నీళ్లలోంచి పైకి లేవాలి. 28 నుంచి 32 అడుగుల బోటు, నలుగురైదుగురు మనుషులు, ఎనిమిది నుంచి పది హెచ్‌పీ. ఈ లెక్కలో మూడు దార్లున్నాయి: బోటు వెనక తగిలించే పెట్రోల్ అవుట్‌బోర్డ్, పొడవాటి తోక షాఫ్ట్ చివర ప్రొపెల్లర్ ఉండే లాంగ్ టెయిల్ డీజిల్, బోటు లోపల బిగించే చిన్న డీజిల్.

| | పెట్రోల్ అవుట్‌బోర్డ్ | లాంగ్ టెయిల్ డీజిల్ | లోపల బిగించిన చిన్న డీజిల్ |
|---|---|---|---|
| బరువు | సుమారు నలభై కిలోలు, భుజాన మోయొచ్చు | దానికి రెండింతలకు పైనే | అన్నిటికన్నా ఎక్కువ |
| గంటకు ఇంధనం, పని లోడు మీద | సుమారు 3 లీటర్లు, టూ స్ట్రోక్ అయితే ఇంకా ఎక్కువ | సుమారు 1.8 లీటర్లు | సుమారు 1.8 లీటర్లు |
| ఇసుక తిన్నె, అలలు | వంచితే లేస్తుంది | షాఫ్ట్ ఎత్తితే సరి | షాఫ్ట్ కింద తగులుతుంది |
| ఉప్పునీళ్లు | ఇంజిన్ లోపలికి పోతాయి | గాలితో చల్లబడేదైతే పోవు | అమరికను బట్టి |
| వెనక్కి నడపడం | కొన్నింటిలో ఉంది | లేదు | గేర్‌బాక్స్ ఉంటే ఉంది |

డబ్బు లెక్క ఇలా వస్తుంది. రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 1,200 గంటలు తిరిగే బోటు అనుకుందాం. పెట్రోల్ లీటరు 110 చొప్పున గంటకు 330 రూపాయలు. డీజిల్ 98 చొప్పున సుమారు 176. గంటకు నూట యాభై పైన తేడా, ఏడాదికి లక్షా ఎనభై వేలు దాటుతుంది. రోజూ వేటకు పోయేవాళ్లకు డీజిల్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క లెక్క చాలు. పైగా మత్స్యశాఖ రాయితీ డీజిల్‌కే. కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డులు ఒకప్పుడు ఈ తేడాను పూడ్చేవి. ఇప్పుడు ఆ కిరోసిన్ తేవడమే ఒక వేట.

మరి అవుట్‌బోర్డ్ ఎవరికి? వారానికి రెండు మూడు రోజులే పోయేవాళ్లకు, బోటులో చోటు మిగలాలనుకునేవాళ్లకు, రాత్రిళ్లు ఇంజిన్ విప్పి ఇంటికి తెచ్చుకోవాల్సిన వాళ్లకు. వేగం కావాలన్నా అదే. దీన్ని చంపేది వాడకం కాదు, వాడిన తర్వాత వదిలేయడం. ఒడ్డుకొచ్చాక మంచినీటి డ్రమ్ములో దించి పది నిమిషాలు తిప్పకపోతే లోపలి నీటి దారుల్లో ఉప్పు గట్టిపడుతుంది. నీళ్లు చిమ్మే సన్నరంధ్రం నుంచి ధార తగ్గిందంటే నీళ్లు తోడే ఇంపెల్లర్ పోయిందనో, దారి పూడుకుందనో అర్థం. అలాగే తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే షాఫ్ట్ సీలు పోయినట్టే. ఎక్కువసార్లు ఆ సీలును కోసేది మన సొంత వల దారమే. ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని లోపలికి పాకుతుంది. నెలకోసారి ప్రొపెల్లర్ విప్పి చూస్తే దారం ముక్క చేతికొస్తుంది, సీలు మిగులుతుంది.

లాంగ్ టెయిల్ మోటుది. పెద్ద చప్పుడు, చేతులకు వణుకు. కానీ గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్‌లోకి ఉప్పునీళ్లు పోయే దారి లేదు, ఇసుక తిన్నె వస్తే షాఫ్ట్ ఎత్తేయొచ్చు, విప్పడానికి నాలుగు స్పానర్లు చాలు. దాని బలహీనత రెండు చోట్ల. తోక చివరి బుష్ అరిగితే షాఫ్ట్ ఊగుతుంది. ఆ ఊపు ఫైబర్‌లోకి దిగి, ఇంజిన్ బిగించిన చోట వెంట్రుకవాసి చీలికలు పడతాయి. బిగించేటప్పుడే కింద మందపాటి చెక్క దిమ్మె, పైన రేకు వేసి బోల్టులు ఇటునుంచి అటు దూర్చి బిగించాలి. చీలిక కనిపించిన రోజే ఫైబర్ పట్టీ వేయించాలి. వర్షాకాలం దాటనిస్తే లోపలి చెక్క నీళ్లు తాగి మెత్తబడుతుంది.

లోపల బిగించే డీజిల్ హార్బర్‌లోనో, ఏటి మొగలో లోతున్న చోటో లంగరేసుకునే బోటుకు బాగుంటుంది. రోజూ ఇసుక మీదికి లాగే బోటుకు వద్దు. ఆరు నెలల్లో షాఫ్ట్ వంగిపోతుంది.

ఒక మాట. పది హెచ్‌పీతో వచ్చే వేగం చాలక పదిహేను పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. నీటిని కోసుకుంటూ పోయే బరువు బోటుకు వేగం దాని పొడవుతోనే ముడిపడి ఉంటుంది. నీటి గీత దగ్గర 30 అడుగులుంటే సుమారు ఏడు నాట్లు, అంటే గంటకు పదమూడు కిలోమీటర్లు. అది దాటాలంటే అదనపు హెచ్‌పీ అంతా వెనక అల లేపడానికే పోతుంది. తిరగేసి చూస్తే ఇదే లాభం కూడా. ఆర్పీఎం పదిశాతం తగ్గిస్తే కావలసిన బలం పావు వంతుకు పైగా తగ్గుతుంది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అంత తొందరేమీ లేకపోతే థ్రాటిల్ కాస్త వెనక్కి లాగడమే అన్నిటికన్నా చవకైన మెకానిక్కు.

మరబోటుకు: లారీ ఇంజినా, అసలు మెరైన్ ఇంజినా?

అసలు పేచీ ఇక్కడే. ఎంచుకోవడానికి మూడున్నాయి: కంపెనీ మెరైన్ రేటింగ్‌తో ఇచ్చే కొత్త ఇంజిన్, లారీ ఇంజిన్‌కు స్థానికంగా మెరైన్ సామాను తగిలించింది, విప్పి బాగుచేసిన పాతది. ధరలో మొదటిదానికీ చివరిదానికీ ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా. కానీ మరబోటులో కొన్న ధర కన్నా తాగే డీజిల్ పెద్దది. సగటున 60 హెచ్‌పీ వాడే బోటు హెచ్‌పీకి గంటకు 0.2 లీటర్ల చొప్పున గంటకు 12 లీటర్లు తాగుతుంది. ఏడాదికి 2,400 గంటలకు 28,800 లీటర్లు. అందులో అయిదు శాతం ఆదా అంటే 1,440 లీటర్లు, ఇంచుమించు లక్షా నలభై వేలు. ఇది ప్రతి ఏడాదీ.

లారీ ఇంజిన్ చెడ్డది కాదు. అది అలవాటుపడిన పని వేరు. హైవే మీద లోడు లారీ ఎత్తు ఎక్కితే ఒకసారి నిండు బలం అడుగుతుంది, దిగితే అడగదు. సగటు చూస్తే సగం కన్నా తక్కువే. వల దించాక బోటు ఇంజిన్ గంటల తరబడి ఎనభై, తొంభై శాతం మీద ఉంటుంది. దిగుడు అన్నదే లేదు. కాబట్టి కంపెనీ అదే బ్లాకును బోటుకు ఇచ్చేటప్పుడు డీజిల్ పంపు తగ్గించి, ఆర్పీఎం తగ్గించి ఇస్తుంది. లారీలో 160 హెచ్‌పీ ఇచ్చేది బోటులో 110 దగ్గర ఆగితే అది మోసం కాదు, ఆయుష్షు. స్థానికంగా బిగించిన ఇంజిన్లతో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. బ్లాకు లారీది, పంపు సెట్టింగూ లారీదే. మొదటి సీజన్లో "ఏం లాగుతుందిరా" అనిపిస్తుంది. రెండో సీజన్లో హెడ్ గాస్కెట్, మూడో సీజన్లో లైనర్లు.

స్థానికంగా బిగించిందే కొంటే ఇవి ఉన్నాయో లేవో చేత్తో తాకి చూసుకోవాలి:

- ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ నీటి జాకెట్. లేకపోతే ఇంజిన్ గది కొలిమే, చెక్కకు నిప్పు భయం కూడా.
- హీట్ ఎక్స్ఛేంజర్, లేదా బోటు అడుగున పైపులతో చల్లబరిచే ఏర్పాటు. ఇంజిన్ లోపల మంచినీళ్లు, కూలెంట్ మాత్రమే తిరగాలి. సముద్రపు నీళ్లు నేరుగా బ్లాకులో తిరిగితే 55, 60 డిగ్రీలు దాటగానే ఉప్పు గోడలకు అంటుకుంటుంది. దానికి భయపడి థర్మోస్టాట్ పీకేస్తారు. అప్పుడు ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కక ఆయిల్లో చెమ్మ చేరుతుంది.
- ఉప్పునీటి తుప్పును తమ మీదికి లాక్కునే జింక్ ముక్కలు, హీట్ ఎక్స్ఛేంజర్‌లోనూ బయట అడుగునా. సగం కరిగితే మార్చాలి. ఎంతకీ కరగట్లేదని సంతోషించకూడదు, వైరు తెగిందేమో చూడాలి.
- మెరైన్ గేర్‌బాక్స్, దాని రిడక్షన్ అంకె.

ఆ చివరిదాన్ని చాలామంది గాలికొదిలేస్తారు. వల లాగడానికి కావాల్సింది నిదానంగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్. ఇంజిన్ 1,800 ఆర్పీఎం, గేర్‌బాక్స్ 3కు 1 అయితే ప్రొపెల్లర్ 600 తిరుగుతుంది. 2కు 1 గేర్‌బాక్స్‌తో 900 తిప్పే చిన్న ప్రొపెల్లర్ ఖాళీ బోటును చురుగ్గానే తోస్తుంది, వల దించగానే నీటిని చిలుకుతుంది. నూరు హెచ్‌పీ, సరైన గేర్‌బాక్స్ ఉన్న బోటు నూట ఇరవై హెచ్‌పీ, తప్పు గేర్‌బాక్స్ ఉన్నదాని కన్నా బాగా లాగుతుంది.

ప్రొపెల్లర్ సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి ఒకే పరీక్ష. డీజిల్, ఐసు, నీళ్లు, వలలు అన్నీ ఎక్కించి, నీటిలో నిండు థ్రాటిల్ ఇవ్వండి. ప్లేటు మీది ఆర్పీఎం అందుకోవాలి, రెండు మూడు శాతం పైకి పోయినా మంచిదే. అందుకోక నల్లపొగ కక్కితే పిచ్, అంటే ప్రొపెల్లర్ రెక్కల వాలు, ఎక్కువైంది, ఇంజిన్ ఎప్పుడూ గొంతు దాకా తిని బతకాలి. ఆ నల్లపొగ చూసి ఇంజెక్టర్లు మార్చేవాళ్లున్నారు. ఇంజెక్టర్ది ఏ పాపమూ లేదు.

షాఫ్ట్ అలైన్‌మెంట్ బోటు గట్టు మీదున్నప్పుడు చూస్తే సరిపోదు. నీటిలో దిగాక బోటు ఒళ్లు కొంచెం వంగుతుంది. దించిన మర్నాడు ఇంజిన్‌నూ షాఫ్ట్‌నూ కలిపే కప్లింగ్ విప్పి ఫీలర్ గేజ్‌తో నాలుగు వైపులా సందు కొలవాలి. పది సెంటీమీటర్ల కప్లింగ్‌కు 0.1 మిల్లీమీటరు మించి తేడా ఉండకూడదు. షాఫ్ట్ బోటులోంచి బయటికి పోయే చోట నీళ్లు ఆపే గ్లాండ్ ప్యాకింగ్ నుంచి షాఫ్ట్ తిరిగేటప్పుడు చుక్క చుక్క నీళ్లు రావాలి. ఒక్క చుక్కా రాకుండా బిగిస్తే షాఫ్ట్ కాలి గాడి పడుతుంది.

ఆయిల్ 250 గంటలకు మార్చమంటే రోజుకు పదిహేను గంటల చొప్పున ఎనిమిది రోజుల ట్రిప్పుకు 120 గంటలు, అంటే రెండు ట్రిప్పులకోసారి. "నెలకోసారి మారుస్తున్నాం" అన్న లెక్క ఒక్కోసారి దీనికి సరిపోతుంది, ఒక్కోసారి సరిపోదు. గంటల మీటరు పెట్టించుకోండి, దాని ఖరీదు ఎంతో కాదు.

ఎవరికి ఏది? ఏడాదికి రెండువేల గంటలు దాటి తిప్పేవాళ్లు, అప్పు తీర్చే గడువు నాలుగేళ్లు మించినవాళ్లు మెరైన్ రేటింగ్ ఉన్న కొత్తదే తీసుకోవాలి. దగ్గర వేట చేసి సాయంత్రానికి వచ్చేసే చిన్న మరబోటుకు సరిగ్గా బిగించిన లారీ బ్లాకు నడుస్తుంది, కాకపోతే పంపు సెట్టింగ్ తగ్గించాలి. పాత ఇంజిన్ మాత్రం పక్కన ఇంకో బోటు ఉన్నవాళ్లకే. వేట మధ్యలో ఇంజిన్ ఆగితే తాడేసి లాక్కొచ్చేవాడు సొంత మనిషై ఉండాలి. మార్చాక కొత్త ఇంజిన్ నంబరును మత్స్యశాఖ రిజిస్ట్రేషన్‌లో, బోట్ల వివరాలుండే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో మార్పించాలి. నంబరు కలవకపోతే బీమా దగ్గరా రాయితీ దగ్గరా చిక్కే.

గుంట గట్టు మీది జెనరేటర్

ఇక్కడ ఇంజిన్ కన్నా లెక్క ముఖ్యం. వనామి గుంటలో సుమారు 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ ఏరియేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) అన్నది వాడుకలో ఉన్న కొలత. రెండు హెచ్‌పీ ఏరియేటర్లు ఇరవై ఉన్న రైతుని తీసుకుందాం. రెండు హెచ్‌పీ అంటే 1.5 కిలోవాట్లు, మోటరు నష్టం కలిపితే ఒక్కోటి 1.9 లాగుతుంది. ఇరవైకి 38 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8తో భాగిస్తే, జెనరేటర్లను కొలిచే కేవీఏల్లో 48. కాబట్టి 62.5 కేవీఏ ప్రైమ్ సెట్. 50 కేవీఏ తెస్తే చాలదా? పేపరు మీద చాలుతుంది.

చాలనిది మోటర్లు లేచేటప్పుడు. తిరిగే మోటరు 3.4 ఆంపియర్లు తీసుకుంటే లేచేటప్పుడు ఆరింతలు, ఇరవై దాకా. ఇరవై మోటర్లు ఒకేసారి లేస్తే 400 ఆంపియర్లు. 62.5 కేవీఏ సెట్ ఇవ్వగలిగేది 87. సెట్ ముక్కుతుంది, వోల్టేజి కూలుతుంది, మోటర్ల స్విచ్చులైన కాంటాక్టర్లు టకటకలాడి కాలిపోతాయి. దీనికి మందు ఇంకా పెద్ద జెనరేటర్ కాదు. నాలుగేసి ఏరియేటర్ల గుంపులు చేసి, ఒక్కో గుంపుకు అయిదారు సెకన్ల తేడా ఉండేలా టైమర్ రిలేలు పెట్టడం. ఈ పని ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట.

పెద్దది కొనడం వల్ల నష్టమూ ఉంది. పంట మొదట్లో నాలుగు ఏరియేటర్లే తిప్పే రోజుల్లో 125 కేవీఏ సెట్ మీద లోడు ఏడెనిమిది కిలోవాట్లే. ముప్పై శాతం కన్నా తక్కువ లోడు మీద డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, కాలని డీజిల్, ఆయిల్ కలిసి సైలెన్సర్ నుంచి నల్ల జిగురుగా కారతాయి. దానికి విరుగుడు రెండు చిన్న సెట్లు. 30, 40 కేవీఏ చొప్పున రెండుంటే మొదటి నెల ఒకటే తిరుగుతుంది. చివరి నెల రెండూ తిరుగుతాయి. ఒకటి మొండికేసినా సగం ఏరియేటర్లు బతుకుతాయి. పంట చివర తెల్లవారుజామున గంటసేపు గాలి ఆగితే ఏమవుతుందో గుంట చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. పది ఎకరాలు దాటితే ఒక పెద్దదాని కన్నా రెండు చిన్నవే మేలు, ధర కొంత ఎక్కువైనా సరే.

కొత్తదా, పాతదా అన్న ప్రశ్నకు 2023 జూలై 1 ఒక గీత. ఆ రోజు నుంచి తయారైన 800 కిలోవాట్ల లోపు సెట్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సీపీసీబీ 4 ప్లస్ నిబంధనలకు లోబడాలి. చిన్నవాటిలోనూ చాలావాటికి పొగ శుభ్రం చేసే ఏర్పాట్లు, ఎలక్ట్రానిక్ పంపు వచ్చాయి. సుమారు 75 కేవీఏ నుంచి పైవాటిలో పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం, డీఈఎఫ్ కూడా పోయాలి. కల్తీ డీజిల్, డ్రమ్ము అడుగున చేరిన నీళ్లు పాత పంపులు భరించాయి, ఇవి భరించవు. మెకానిక్ స్పానర్‌తో పాటు లాప్‌టాప్ కూడా తేవాలి. కాబట్టి కొత్తది కొనేవాళ్లు సర్వీసు మనిషి నెల్లూరు నుంచి ఎన్ని గంటల్లో వస్తాడో కాగితం మీద రాయించుకోవాలి. నీటిని వేరుచేసే ఫిల్టర్ ఒకటి అదనంగా బిగించుకోవాలి. పాత మెకానికల్ పంపు సెట్టుకు ఈ బాధలు లేవు. కానీ లారీ ఇంజిన్‌కు ఆల్టర్నేటర్ తగిలించిన పాత సెట్టయితే ఆర్పీఎంను నిలబెట్టే గవర్నర్ చూడండి. ఉన్నట్టుండి సగం లోడు తీసేస్తే ఆర్పీఎం ఒకసారి లేచి మూడు నాలుగు సెకన్లలో 1,500 దగ్గర కుదురుకోవాలి. అటూ ఇటూ ఊగుతూనే ఉంటే మోటర్లు కాల్చేస్తుంది.

ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్ట్‌కు, అంటే పీటీఓకు, తగిలించే ఆల్టర్నేటర్ మూడో దారి. రెండు మూడు ఎకరాల గుంట, ఇంటి ముందే ట్రాక్టర్ ఉన్న రైతుకు అత్యవసరానికి పనికొస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోతే మనిషి లేచి వెళ్లి తగిలించాలి, అదే దాని లోపం. దుక్కుల కాలంలో ట్రాక్టర్ ఇంకెక్కడో ఉంటుంది.

డీజిల్ ఖర్చు ముందే తెలుసుకోండి. 38 కిలోవాట్ల లోడుకు గంటకు పది, పదకొండు లీటర్లు. ఎనిమిది గంటల రాత్రికి 85 లీటర్ల చొప్పున రెండు రాత్రులకు సరిపడా నిల్వ ఉండాలి. తుపాను హెచ్చరిక వస్తే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ రోజుల్లో లైను ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కూ తెలియదు.

కరెంటు పోగానే తానే లేచే ఏఎంఎఫ్ ప్యానల్ పెట్టించుకున్నవాళ్లు దాన్నే నమ్ముకుని నిద్రపోతారు. సెట్ లేవకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇంజిన్ కాదు, బ్యాటరీ. ఉప్పు గాలికి టెర్మినళ్ల మీద తెల్లటి పొర పడుతుంది. వారానికోసారి ఖాళీగా కాకుండా ఏరియేటర్ల లోడు మీదే అరగంట తిప్పాలి. న్యూట్రల్‌కు రెండు, బాడీకి రెండు ఎర్త్ గుంటలు వేరువేరుగా ఉండాలి. చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జెనరేటర్‌ను నేరుగా లైనుకు కలపడం స్తంభం మీదున్న మనిషిని చంపడమే.

డబ్బు కట్టే ముందు

కొటేషన్లో ఇవి రాతలో ఉండాలి: ఏ రేటింగ్ మీద ఎన్ని హెచ్‌పీ లేదా కేవీఏ, ఏ ఆర్పీఎం వద్ద, ఆ లోడు మీద గంటకు ఎన్ని లీటర్లు, వారంటీ ఎన్ని గంటలకు. "రెండేళ్ల వారంటీ" అన్న మాట కింద చిన్నక్షరాల్లో "లేదా 2,000 గంటలు, ఏది ముందైతే అది" అని ఉందంటే మరబోటుకు అది ఒక్క సీజన్ కూడా రాదు.

మరబోటుకైతే నిషేధ కాలం మొదలయ్యాక ఇంజిన్ వెతకడం ఆలస్యం. ఏప్రిల్ నెలలో యార్డుల్లో మెకానిక్ దొరకడు. ఫిబ్రవరిలో ఆర్డర్ ఇచ్చి, ఏప్రిల్ చివరికి ఇంజిన్ చేతికొచ్చి, మే నెలలో బిగింపు అయితే జూన్ మొదటి వారానికి బోటు నీటిలో దించి కప్లింగ్ కొలవొచ్చు. గుంటకైతే సీడు (రొయ్య పిల్లలు) వదలడానికి నెల ముందు. లోడు ఎక్కించి నిండు థ్రాటిల్ పరీక్ష, లేదా ఏరియేటర్లన్నీ తగిలించి రెండు గంటల పరుగు మీ కళ్లముందు జరిగేదాకా చివరి వాయిదా చేతిలోనే ఉంచుకోండి.